చుట్టాల పెట్టె

ఇవాళ మధ్యాహ్నం ఈ ఏటి మొదటి ఉరుము ఉరిమింది. కొట్టు గాజు తలుపులు చిన్నగా అదిరాయి. నేను చేతిలోని టీ గ్లాసు కింద పెట్టి ఫోను వైపు చూశాను. మా వ్యాపారం అలాంటిది. కోయంబత్తూరులో ఆఫీసులకూ మిల్లులకూ తీగలు లాగి నెట్‌వర్కు కట్టిపెట్టే పని మాది. పిడుగు ఎక్కడో పొలంలో పడుతుంది. దాని దెబ్బ తీగల వెంట పాకి వచ్చి, నాలుగు గోడల మధ్య భద్రంగా కూర్చున్న పెట్టెను చంపుతుంది. వాళ్ళు మాకు ఫోను చేస్తారు. అందరూ చెప్పేది ఒకటే మాట. "పోయింది సార్."

ఇన్నేళ్ళూ రోజూ విన్న మాటే, ఇప్పుడు వినాలంటే నాకు భయంగా ఉంది. కరెంటు పోయింది అంటాం, నెట్టు పోయింది అంటాం, పోర్టు పోయింది అంటాం. మనిషి పోయినా అదే మాట. తెలుగువాళ్ళం ఈ రెంటికీ రెండు మాటలు ఎందుకు పెట్టుకోలేదో నాకు తెలియదు. పెట్టుకుని ఉంటే, మా మామ పోయాడన్న కబురుకు నేను అలాంటి జవాబు చెప్పి ఉండేవాణ్ణి కాదు.

మామ అంటే మా అమ్మకు అన్న. అన్నూరు దాటాక ఆయనకు ఒక హేచరీ ఉండేది. ఫారాల నుంచి గుడ్లు తెచ్చి, పెద్ద పెద్ద యంత్రాల్లో పొదిగించి, కోడిపిల్లల్ని మళ్ళీ ఫారాలకు పంపే చోటు. పొట్టి మనిషి. పంచె మోకాళ్ళ పైకి మడిచి కట్టేవాడు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఒక కోడి ఈక ఉండేది. మాట మధ్యలో ఆ ఈక తీసి చెవిలో తిప్పుకుంటూ, కళ్ళు సగం మూసుకుని, ఎదుటివాడు చెప్పేది వింటున్నట్టు తల ఊపేవాడు. వినేవాడు కాదు. ఈక బయటికి వచ్చాక, "ఇప్పుడు సెప్పు" అనేవాడు. మొదటి నుంచి చెప్పాల్సి వచ్చేది.

మేము ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బళ్ళో తమిళం చదివాం. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది పెళ్ళయ్యాక, చిత్తూరు పిల్లను చేసుకున్నాను కాబట్టి. మామకు చివరిదాకా రాలేదు. కానీ ఆయన తన తెలుగును ఎక్కడ పడితే అక్కడ ఖర్చు పెట్టేవాడు కాదు. లోకంతో తమిళం, ఇంటివాళ్ళతో తెలుగు. యంత్రాలు ఇంటివాళ్ళ కిందికే వచ్చేవి. గుడ్ల యంత్రం తలుపు మీద అరచెయ్యి ఆనించి, "ఏమమ్మా, వేడి సాలునా? ఇంకొంచెం కావాల్నా?" అని అడుగుతుంటే నా చెవులతో విన్నాను. పనివాళ్ళు నవ్వేవాళ్ళు కాదు. అలవాటు పడిపోయారు.

ఆ మనిషికి ఉన్న ఒకే ఒక్క భయం ఉరుము. తన ప్రాణానికి కాదు, తీగలకు.

ఎందుకో చెప్పాలి. గుడ్లు ఉన్న ప్రతి గదిలోనూ వేడిని చూసే సెన్సరు ఒకటి ఉంటుంది. దాన్నుంచి ఒక తీగ. తీగలన్నీ షెడ్డు నుంచి ఆరుబయట కొబ్బరి చెట్ల మీదుగా వచ్చి, ఇంటి ముందు గదిలో ఇనుప పెట్టెలో ఉన్న స్విచ్చికి తగులుకుంటాయి. స్విచ్చి అంటే లైటు వేసేది కాదు, తీగలన్నిటినీ కలిపేది. ఒక్కో తీగకు ఒక్కో పోర్టు, పోర్టు పక్కన చిన్న పచ్చ లైటు. గదిలో వేడి కాస్త అటూ ఇటూ అయితే ఇంట్లో గంట మోగుతుంది. పోర్టు కాలిపోతే గంట మోగదు. మోగాల్సింది మోగలేదన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు. ఒకసారి అలాగే జరిగి ఒక గదిలో పిల్లలన్నీ గుడ్లలోనే ఉడికిపోయాయి. మామ ఆ రోజు అన్నం ముట్టలేదట. గుడ్లను పూడ్చిన చోటికి గుడికి పోయినట్టు చెప్పులు విప్పి పోయాడట.

అప్పటి నుంచి ఆయనకు ఒక పద్ధతి పట్టుకుంది. ఉరుము వినపడగానే, మా పెద్దవాళ్ళందరూ అన్నట్టే "అర్జునా!" అని కేకవేసేవాడు. మిగతా పెద్దవాళ్ళు ఆ కేకతో ఊరుకుంటారు. ఈయన లేచి పరుగెత్తేవాడు. తింటున్న అన్నం ముందు నుంచి, మాట్లాడుతున్న పెళ్ళివారి ముందు నుంచి, స్నానం మధ్యలోంచి కూడా. ఉత్త కాళ్ళతో, తడి చేతులతో ఆ ఇనుప పెట్టె తెరిచి తీగలన్నీ ఒక్కొక్కటే పీకేవాడు. వాన వెలిశాక మళ్ళీ గుచ్చేవాడు.

పిడుగు పడేటప్పుడు ముట్టుకోకూడనిదే ఆ తీగ. నేను ఎన్నిసార్లు చెప్పానో. ఈక తీసి చెవిలో పెట్టుకునేవాడు.

మా అత్త, అంటే ఆయన భార్య, ఒకనాడు నన్ను వంటింట్లోకి పిలిచింది. నెమ్మదైన మనిషి, గొంతెత్తి మాట్లాడదు. ఆ రోజు కళ్ళనిండా నీళ్ళు.

"ఒరే, ఆ పెట్టెకి ఏమన్నా సెయ్యిరా. ఈ మనిషి ఏదో ఒకనాడు ఆ వయరు సేతిలో పట్టుకునే పోతారు. కోడిపిల్లలు పోతే మళ్ళా గుడ్లు పెట్టుకుంటాం. ఈయన్ని నాకు మళ్ళా ఎవురు పొదిగిస్తారు?"

నేను చేస్తానని మాట ఇచ్చాను. ఆ మాట ఇచ్చిన వారంలోనే అవ్వ సంగతి జరిగింది.

అవ్వ అంటే మామకూ మా అమ్మకూ తల్లి. ఆ ఇంట్లోనే ఉంటుంది. అప్పటికే వయసు మీరి, ఇవాళో రేపో అన్నట్టుండేది. ఒక సాయంత్రం మామ ఫోను చేశాడు. "ఒరే అల్లుడూ, అవ్వ పోయిందిరా. సీక్రం రా." అంతే, పెట్టేశాడు. అమ్మకు చెప్పగానే ఉన్నచోటే కూలబడిపోయింది. కారులో దారి పొడుగునా గుండెలు బాదుకుంటూనే ఉంది. అన్నూరు బస్టాండు దగ్గర ఆపి పెద్ద రోజాపూల మాల కొన్నాను.

ఇల్లు చేరేసరికి అవ్వ వసారాలో కాళ్ళు చాపుకుని, ఒట్టన్‌చత్రం నుంచి వచ్చిన సాంబారు చిన్నుల్లి బస్తా ముందేసుకుని ఉల్లిపాయలు ఒలుస్తోంది. అమ్మ పెట్టిన కేకకు షెడ్డులోని పనివాళ్ళు బయటికి వచ్చారు. అవ్వ మాల వైపు చూసింది, మా మొహాల వైపు చూసింది.

"ఎవురు సచ్చినారే? ఇంత పెద్ద మాల తెచ్చినారు?"

లోపలి నుంచి స్క్రూడ్రైవరు పట్టుకుని మామ వచ్చాడు. "వచ్చినావా? రా రా. గేటు కాడ కెమెరా. అవ్వ పోయింది, సూడు."

మామ నా చెయ్యి పట్టుకుని ముందు గదిలోకి లాక్కుపోయి పెట్టె తెరిచాడు. స్విచ్చి మీద ప్రతి పోర్టు పైనా తెల్ల ప్లాస్టరు ముక్క, దాని మీద తమిళ అక్షరాల్లో ఒక్కో పేరు. గేటు కెమెరా అవ్వ, ఎందుకంటే వసారాలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరినీ చూసేది ఆమే. షెడ్డు చివరి గది పెద్దల్లుడు. తిరుమంగళంలో వ్యాపారం చేసే తన పెద్దకూతురి మొగుడిలాగే అది కూడా ఎప్పుడో కానీ పలకదట, పలికినా అలిగే పలుకుతుందట. బయటి నుంచి ఇంటర్నెట్టు వచ్చే ముఖ్యమైన పోర్టుకు మామ అని రాసుకున్నాడు. ఊళ్ళో పాలు పోసేవాడి దగ్గర నుంచి అందరూ ఆయన్ను మామ అనే పిలిచేవాళ్ళు.

"నంబర్లు ఎవురికి గుర్తుంటాయిరా? సుట్టాలైతే మరిచిపోము" అన్నాడు.

అమ్మ అన్నను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అవ్వ మాత్రం మాలను వదల్లేదు. "తెచ్చినదాన్ని పారేస్తారా? ఎయ్యి నాకు. ఉన్నప్పుడు ఏసుకుంటేనే కదా వాసనన్నా తెలిసేది" అని మెడలో వేయించుకుంది. ఆ మాలతోనే కూర్చుని రసం అన్నం తిన్నది. మేము నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె ముందు వరసగా కూర్చున్నాం.

ఆనాటి నుంచి ఆ పెట్టెకు మా ఇళ్ళన్నిటిలో చుట్టాల పెట్టె అని పేరు. ఇంకో వింత కూడా చెప్పాలి. ఆ పెట్టెలో మర్యాదలు సైతం తప్పేవి కావు. అవ్వ అయితే "పోయింది". పెద్దల్లుడి పోర్టు కాలితే మాత్రం "పెద్దల్లుడు పోయినారు". కాలిపోయిన పోర్టుకు 'రు' తగిలించి మాట్లాడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఒకసారి ముఖ్యమైన పోర్టే కాలిపోయింది. ఫోను అత్త చేసింది. ఆ మాట ఆమె నోట రావడానికి ఎంత కష్టమైందో. "మామ... మామ పోయినారురా" అంది. వెనక నుంచి మామ గొంతు పెద్దగా వినిపించింది. "ఆమా, అవును, నేను పోయినా! సీక్రం రమ్మని సెప్పు!" అత్త ఫోను పక్కకు పెట్టి ఆయన్ను కసిరింది. తర్వాత తర్వాత ఆమెకూ అలవాటైపోయింది.

నేను మాట నిలబెట్టుకునే పనిలో పడ్డాను. అసలైతే ఆరుబయట లోహపు తీగ తీసేసి గాజు పోగుల ఫైబర్ వెయ్యాలి, దాని వెంట పిడుగు దెబ్బ రాదు. మామ ఒప్పుకోలేదు. గాజు దారం మీద తన పిల్లల ప్రాణం పెట్టనన్నాడు. సరే, తీగకు రెండు కొసలా సర్జ్ ప్రొటెక్టర్లు పెడదామన్నాను. అగ్గిపెట్టెలకంటే కాస్త పెద్ద డబ్బీలు. తీగ దానిలోంచి పోతుంది, దాన్నుంచి ఒక పచ్చ తీగ భూమిలోకి దిగుతుంది.

మామ డబ్బీని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇడిని ఇది ఆపుతుందా?"

పిడుగును మేము ఇడి అనే అంటాం, తమిళంలో లాగా.

"ఆపదు మామా. దారి సూపిస్తుంది. పెట్టెలోకి పోకుండా భూమిలోకి పంపేస్తుంది."

ఆయన మొహం వికసించింది. "పెళ్ళికి తాగి వచ్చే సుట్టాన్ని పందిట్లోకి రానీకుండా, పక్క సందులో నుంచి తీసకపోయి ఆకేసి పంపించినట్ల!"

నేను ఇన్నేళ్ళలో ఎంతోమందికి చెప్పిన పాఠాన్ని ఆయన తాగుబోతు చుట్టంతో తేల్చేశాడు. ఇప్పుడు కొట్లో నేను కూడా అలాగే చెబుతాను, గిరాకీలకు వెంటనే అర్థమవుతుంది.

డబ్బీలు బిగించాను. షెడ్డు వైపు ఒకటి, ఇంటివైపు మేడ మీద తీగ దిగే గోడకు ఒకటి. ఎర్తు గుంట తవ్వడానికి మనుషుల్ని పంపుతానని, పచ్చ తీగలు అప్పటిదాకా చుట్టి ఉంచమని చెప్పాను. ఎర్తంటే ఏంటని అడిగాడు. "మన్ను మామా. ఈ పచ్చ తీగ మన్నులో దిగాల" అన్నాను. తల ఊపాడు. ఆ క్షణాన ఈక చెవిలో లేదు, నాకు బాగా గుర్తు.

గుంట తవ్వేవాళ్ళు వెళ్ళేలోపలే పెద్ద వాన పడింది. ఫోను వచ్చింది. "అవ్వ పోయింది, పెద్దల్లుడు పోయినారు. నీ డబ్బీ మోసంరా." నాకు రోషమొచ్చింది. వెళ్ళి మేడ ఎక్కి చూశాను. గోడ మీది డబ్బీ నుంచి పచ్చ తీగ చక్కగా కిందికి దిగి, మేడ మీది సిమెంటు తొట్టిలోకి పోయింది. తొట్టిలో తులసి మొక్క. తొట్టికి పసుపూ కుంకుమా.

"మామా, ఇదేంటి?"

"మన్నులో పెట్టమంటివే?"

"మన్నంటే ఈ మన్నా!"

"సుమ్మా, ఊరికే ఏదో మన్నులో పెడితే ఇడికి మర్యాదా? ఇంట్లో దీనికంటే మంచి మన్ను ఏది?"

నవ్వు వచ్చేదే. కానీ అప్పుడే తడి తలతో, రాగి చెంబుతో అత్త మేడ మెట్లెక్కి వచ్చింది. తొట్టి చుట్టూ తిరగడానికి. రోజూ పొద్దున ఉత్త కాళ్ళతో, తడి నేల మీద, ఒక చెయ్యి తొట్టి అంచున వేసి, ఆమె ఆ పచ్చ తీగను దాటుకుంటూ తిరుగుతోంది. పిడుగు దెబ్బ భూమిలోకి పోయే దారి లేక ఆ తొట్టిలోనే వచ్చి నిలబడితే, అది ఎంచుకునే దారి ఆమె చెయ్యే. "అత్తా, అక్కడే నిలబడండి" అని అరిచాను. ఆమె బెదిరిపోయి చెంబు వదిలేసింది. ఆ చెంబు మెట్ల మీద దొర్లుకుంటూ కిందిదాకా పోయింది.

మామకు సంగతి చెప్పాను. ఆయన తీగను తొట్టిలోంచి తన చేత్తోనే తీసి, చుట్ట చుట్టి, పిట్టగోడ మీద చాలాసేపు కూర్చున్నాడు. ఈక తియ్యలేదు. కాసేపటికి అత్త వైపు చూడకుండానే, "నా వయర్ల కోసం నిన్ను..." అని ఆగిపోయాడు. అత్త కిందికి పోయి చెంబు తెచ్చుకుని, మళ్ళీ నీళ్ళు నింపుకుంది.

మర్నాడే మనుషులొచ్చి ఇంటి పక్కన గుంట తవ్వారు. రాగి పలక, బొగ్గు, ఉప్పు. ఇంటి కరెంటు ఎర్తునూ దీన్నీ కలిపి కట్టారు. షెడ్డు దగ్గర కూడా అలాగే. దగ్గరుండి అన్నీ నేనే చూశాను. అప్పటి నుంచి పొద్దున్నే అత్త తులసికి నీళ్ళు పోస్తే, మామ ఎర్తు గుంటకు పోసేవాడు. గుంట ఎండిపోకూడదని నేను చెప్పిన మాట ఒక్కటి మాత్రం ఆయన చెవికి ఎక్కింది. ఆ సిమెంటు మూత మీద కుంకుమ బొట్టు ఎవరు పెట్టారో నేను అడగలేదు.

అయినా అత్తకు కావలసింది రాగి పలక కాదు. ఉరుము ఉరిమినప్పుడు ఆ మనిషి లేవకుండా ఉండాలి, అంతే. ఆ తర్వాత వచ్చిన మొదటి ఉరుముల వానకు అత్త నన్ను పిలిపించుకుంది. ముందు గదిలో బల్ల మీద మామ కూర్చున్నాడు, ఎదురుగా చుట్టాల పెట్టె తలుపు తెరిచి ఉంది. మెరుపు మెరిసింది. "అర్జునా!" అని కేకేసి సగం లేచాడు. అత్త పెట్టె పక్కనే నిలబడి ఉంది. ఆమె మొహం చూసి మళ్ళీ కూర్చున్నాడు. కూర్చుని, తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద బరువంతా వేసి కూర్చున్నాడు. బళ్ళో అల్లరి పిల్లవాణ్ణి కూర్చోబెట్టినట్టు. పెదవులు "అర్జునా, అర్జునా" అని కదులుతూనే ఉన్నాయి. కళ్ళు పచ్చ లైట్ల మీద. పిడుగు చాలా దగ్గరలోనే పడింది, కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. లైట్లు ఒక్కటీ ఆరలేదు.

వాన వెలిసింది. మామ చేతులు బయటికి తీసి చూసుకున్నాడు. బల్ల చెక్క గీతలు అరచేతుల మీద ఎర్రగా పడ్డాయి. లేచి పెట్టె దగ్గరికి పోయి, ఒక్కో లైటునూ చూస్తూ పెళ్ళిలో అందరినీ పలకరించినట్టు చెప్పాడు. "అవ్వ బాగుండాది. పెద్దల్లుడు బాగుండారు. మామ బాగుండారు." అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ రోజు ఆమె నాకు పెట్టిన అప్పాల రుచి ఇంకా మరిచిపోలేదు.

అప్పటి నుంచి ఆయనకు ఇంకో అలవాటు. ఎప్పుడు ఉరిమినా, వాన వెలవగానే నాకు ఫోను. హలో అనడు, ఎలా ఉన్నావనడు. "ఇడి పడిందిరా. అవ్వ బాగుండాది. పెద్దల్లుడు బాగుండారు. మామ బాగుండారు." అంతే. నేను "సరి మామా" అనాలి, అప్పుడు పెట్టేస్తాడు. నేను గిరాకీలతో ఉన్నా, బండి మీద ఉన్నా ఆ ఫోను ఎత్తేవాణ్ణి. నా చేతి పని మీద నాకున్న గర్వం కూడా అందులో ఉందని దాచుకోను.

రెండు వానకాలాలు అలా గడిచాయి. ఒక్క పోర్టు కూడా పోలేదు.

చలికాలం చివర్లో ఒక మధ్యాహ్నం. ఆకాశం కడిగినట్టు ఉంది. నేను ఒక మిల్లులో నిచ్చెన మీద ఉన్నాను. అత్త ఫోను.

"మామ పోయినారురా."

నాకు ముందు కోపమొచ్చింది. "పోయేదానికి లేదే అత్తా. ఎట్ల పోతారు?"

"పోయినారురా."

"ఇడి పడిందా?"

"లేదు. మబ్బు కూడా లేదు."

"మరి ఎట్ల? నేను పోయిన వారమే వచ్చి సూసినా. అంతా బాగుండె కదా."

"బాగుండెరా. పొద్దున కూడా బాగుండె. గుంటకు నీళ్ళు పోసి వచ్చి కూసున్నారు. కూసున్నట్టే..."

ఆ ఇంట్లో పోర్టుల గురించి మాట్లాడే తీరే అది. గుంటకు నీళ్ళు పోసింది మనిషి, పోయింది పోర్టు అనుకున్నాను. నేను నిచ్చెన మీద నుంచే, పని తొందరలో, ఎంతోమందికి చెప్పే మాటే చెప్పాను.

"లైటు వస్తా ఉందా సూడండి అత్తా. రాకపోతే ఒకసారి పీకి మళ్ళా పెట్టండి."

ఫోను చేతిలో పట్టుకుని ఆమె నడుస్తున్న చప్పుడు. ఆ వెనక ఎక్కడో ఒక ముసలి గొంతు, వసారా వైపు నుంచి, "నా కొడకా, నా కొడకా" అని సాగదీసి ఏడుస్తోంది. అవ్వ.

నేను నిచ్చెన ఎలా దిగానో తెలియదు. షాకు కొట్టిన మనిషిని నా వృత్తిలో చూశాను. చెయ్యి తీసేసుకున్నాక కూడా చాలాసేపు వాడికి ఆ తీగ పట్టుకునే ఉన్నట్టుంటుందట. నాకు ఆ ఫోను అలాగే ఉంది. మబ్బు లేదు, ఉరుము లేదు. ఏ దెబ్బ ఎటు నుంచి వచ్చినా భూమిలోకి పంపడానికి రెండు గుంటలు తవ్వించి పెట్టాను. ఆయన గుండె ఎవరికీ చెప్పకుండా, ఎండలో, ఊరికే ఆగిపోయింది. ఇది అన్యాయం. ఇప్పటికీ నాకు నమ్మబుద్ధి కాదు.

వెళ్ళేసరికి ముందు గదిలో అదే బల్ల మీద పడుకోబెట్టి ఉన్నారు. చొక్కా జేబులో ఈక అలాగే ఉంది. వాకిలి నిండా మాలలు. అవ్వ వాటి వైపు చూడకుండా మొహం గోడకు తిప్పుకుని కూర్చుంది. పిల్లలు గుడ్లలోంచి బయటికి వచ్చే రోజట అది. షెడ్డులోంచి కిచకిచలు ఆగకుండా వినిపిస్తున్నాయి. పనివాళ్ళు ఏడుస్తూనే వాటిని బుట్టలకెత్తుతున్నారు.

నా కళ్ళు వద్దన్నా చుట్టాల పెట్టె మీదికి పోయాయి. తలుపు తెరిచే ఉంది. లైట్లన్నీ పచ్చగా ఉన్నాయి. మామ పోర్టు లైటు ఎన్నడూ లేనంత వేగంగా కొట్టుకుంటోంది. ఇంటి నిండా చేరిన జనం ఫోన్లలోంచి ఆయన పోయాడన్న కబురును తిరుమంగళానికీ, మదురైకీ, ఇంకా ఎక్కడెక్కడికో ఆయన పోర్టులోంచే పంపుతున్నారు.

అత్త వచ్చి నా పక్కన నిలబడింది. నాకు ఆమె మొహం చూసే ధైర్యం లేదు. ఆమె ఏడవడం లేదు. పెట్టె వైపే చూస్తూ చిన్నగా అంది.

"నువ్వు సూడమంటివి కదా అని పోయి సూస్తిరా. లైటు వస్తానే ఉండె."

నేను అప్పుడు ఏడ్చాను. ఆమే నా వీపు నిమిరింది.

ఇవాళ్టి ఉరుము ఆయన పోయాక వచ్చిన మొదటి ఉరుము. కొట్లో ఫోను మోగుతూనే ఉంది. పోయింది సార్, పోయింది సార్. నేను రాసుకుంటూనే ఉన్నాను కానీ చెవి ఇంకెక్కడో ఉంది. ఆ ఇంట్లో ఇప్పుడు బల్ల మీద చేతుల మీద కూర్చునే మనిషి లేడు. వెలిసిందో లేదో చూద్దామని తలుపు తీసి వీధిలోకి వచ్చాను. నీళ్ళు కాలవ కట్టి పారుతున్నాయి. అప్పుడు నా జేబులోని ఫోను మోగింది. మామ నంబరు.

కాసేపు ఎత్తలేకపోయాను. తర్వాత ఎత్తాను. హలో అనలేదు, అవతల కూడా అనలేదు.

"ఇడి పడిందిరా" అంది అత్త. "అవ్వ బాగుండాది. పెద్దల్లుడు బాగుండారు."

ఆగింది. ఆమె ఊపిరి వినిపిస్తోంది.

"మామ బాగుండారు."

"సరి అత్తా" అన్నాను. పెట్టేసింది.